ధర్మరాజు చెప్పిన లెక్క

మా బావ కూకట్‌పల్లిలో ఉంటాడు. పుట్టింది అమలాపురం దగ్గరే. ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లి, అక్కడే ఇల్లు కట్టి, పిల్లల పెళ్లిళ్లు కూడా అక్కడే చేశాడు. ఆవకాయ దగ్గర గోదావరి జిల్లా మనిషి, అంకెల దగ్గర మాత్రం తెలంగాణ మనిషి. కరోనా మాట వస్తే చాలు, ఇప్పటికీ ఒకటే పాట.

"మీ ఆంధ్రాలో 14,733 మంది పోయారు. మా తెలంగాణలో 4,111. దీనికేమంటావు బావా?"

"నువ్వేమంటావు?"

"యాదగిరిగుట్ట నరసింహస్వామి దయ."

"మరి మా అంతర్వేది నరసింహస్వామి ఆ రెండేళ్లూ సెలవు పెట్టాడంటావా?"

నవ్వేసి ఫోను మా ఆవిడకిమ్మంటాడు. అతనిది వేళాకోళమే. కానీ ఆ వేళాకోళం కింద ఉన్న నమ్మకం వేళాకోళం కాదు. తక్కువమంది పోయిన చోట దేవుడి దయ ఎక్కువ ఉన్నట్టు, ఎక్కువమంది పోయిన చోట ఏదో పాపం పండినట్టు మనలో చాలామందికి లోపల ఒక తూకం ఉంది. 2020 వేసవిలో ఇటలీలో, న్యూయార్కులో శవపేటికలు వరసగా పేర్చి ఉన్న దృశ్యాలు టీవీలో చూపిస్తుంటే, మన పసుపు, మన నమస్కారం, గుమ్మంలో కాళ్లు కడుక్కునే మన ఆచారం మనల్ని కాపాడాయని చెప్పని ఇల్లు లేదు. కర్మ సిద్ధాంతాన్ని దేశాలవారీ పట్టికకు అతికించేశాం. మరుసటి ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మన శ్మశానాల ముందు టోకెన్లు ఇచ్చారు. పసుపూ, నమస్కారమూ అప్పుడూ ఉన్నాయి.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. వానకొలత, సంతలో ధరలు, పంటకోత ప్రయోగాలు, ఇవే నా ఉద్యోగం. వరిచేలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గడి గుర్తించి, కోయించి, అక్కడే నూర్పించి తూకం వేసేవాళ్లం. అది పచ్చి గింజ తూకం. అందులో కొంత తీసి ఎండబెట్టి మళ్లీ తూచాకే అసలు దిగుబడి తేలుతుంది. ఒక మండలంలో పచ్చి తూకం, పక్క మండలంలో ఎండు తూకం పక్కపక్కన రాసి ఏ చేను బాగా పండిందని అడిగితే, అడిగినవాడికి మా ఆఫీసులో ఒక రోజు కూడా చోటుండేది కాదు. కరోనా అంకెల విషయంలో దేశం దేశమంతా అదే పని చేసింది.

ముందు కేసుల సంగతి. పరీక్ష చేస్తేనే కేసు, చేయకపోతే జ్వరం. 2021 జూన్, జులై నెలల్లో ఐసీఎంఆర్ నాలుగో సెరో సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన రక్తనమూనాల్లో 70.2 శాతంలో యాంటీబాడీలు కనబడ్డాయి. అప్పటికి కొందరికి టీకా పడింది, ఆ మేరకు తగ్గించుకుందాం. అయినా రాష్ట్ర జనాభాలో ఆ శాతమంటే కోట్లలో మాట. అదే సమయానికి రాష్ట్రం ప్రకటించిన కేసులు 20 లక్షల లోపే. కేరళలో ఆ సర్వే అంకె 44.4 శాతం, సర్వే చేసిన రాష్ట్రాల్లోకెల్లా తక్కువ. అక్కడ ఆ రోజుల్లో కేసులు మాత్రం దేశంలోకెల్లా ఎక్కువ. అంటే కేరళవాళ్లకు జబ్బు ఎక్కువ సోకలేదు, సోకినవాళ్లలో ఎక్కువమందిని వాళ్లు పట్టుకోగలిగారు. ఇదేమీ తెలియకుండా ఆ జులైలో "అంత చదువుకున్న కేరళ ఇలా అయిందేమిటి?" అని జాలిపడ్డవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు.

మరణాల సంగతి ఇంకా చిక్కు. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాటికి ఇంట్లోవాళ్లు చెప్పిందే కారణం. పైగా మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలని చట్టం. మా జిల్లా మనిషి హైదరాబాదు ఆసుపత్రిలో పోతే అక్కడి రిజిస్టర్లోకి ఎక్కుతాడు. 2021 మే నెలలో తెలంగాణ పోలీసులు ఆంధ్రా వైపు నుంచి వచ్చే అంబులెన్సులను సరిహద్దులో ఆపిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆసుపత్రిలో మంచం ఖాయమైనట్టు కాగితం, ముందస్తు అనుమతి ఉంటేనే దారి అని ప్రభుత్వ ఉత్తర్వు. తెలంగాణ హైకోర్టు దాన్ని మే 14న నిలిపివేసింది. ఈలోపల కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్న మనిషి ఏ రాష్ట్రం లెక్క? బావా, నీ 4,111 అంకెకు ఇలాంటి గేటు కూడా ఒకటి ఉందయ్యా.

వైరాగ్యం మాట్లాడేవాళ్లు మరో దారి పడతారు. పోయినవాళ్లు పోయారు, లెక్కలతో వాళ్లు తిరిగొస్తారా, ఆత్మకు చావుందా, ఇదంతా మాయ అంటారు. ఈ మాట పురాణ కాలక్షేపంలో విన్నప్పుడల్లా నాకు భారతంలోని స్త్రీపర్వం గుర్తొస్తుంది. యుద్ధం అయిపోయింది. గాంధారి ఏడ్చింది, శపించింది. అప్పుడు ధృతరాష్ట్రుడు ధర్మరాజును సూటిగా అడుగుతాడు, ఎంతమంది చచ్చిపోయారో తెలిస్తే చెప్పమని. అంతటి జ్ఞాని "అంతా మాయ, లెక్కెందుకు పెదనాన్నా" అని అనలేదు. అంకె చెప్పాడు. 166 కోట్ల 20 వేల మంది. అక్కడితో ఆగకుండా, జాడ తెలియకుండా పోయినవారు ఇంకో 24,165 మంది అని విడిగా చెప్పాడు.

పాత అలవాటు కొద్దీ ఒక మాట. 18 అక్షౌహిణులంటే లెక్క ప్రకారం 40 లక్షల మంది కూడా కారు, కాబట్టి ఈ 166 కోట్లు పొసగే అంకె కాదు. అది వ్యాసుడి ఇష్టం. నన్ను పట్టుకున్నది ఆ రెండో అంకె. గెలిచిన రాజు, ఓడిపోయినవాడి తండ్రి ముందు నిలబడి, తెలిసిన చావులు వేరు, తెలియని చావులు వేరు అని చెబుతున్నాడు. మూడేళ్లపాటు సాయంత్రం ఐదింటికీ ఆరింటికీ వచ్చిన మన బులెటిన్లలో ఆ రెండో గడి ఎప్పుడైనా చూశారా? ఇంకొకటి. ఆ లెక్కలో మీవాళ్లు ఇంతమంది, మావాళ్లు ఇంతమంది అన్న విభజన లేదు. వాళ్లకు ఏ లోకాలు దక్కాయని పెద్దాయన మళ్లీ అడిగితే, ఎలా చచ్చిపోయారన్న దాన్ని బట్టి చెప్పాడు తప్ప ఎవరి పక్షాన నిలబడి చచ్చిపోయారన్న దాన్ని బట్టి చెప్పలేదు.

మనం పక్షాలు కట్టాం. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలోని తబ్లీగీ జమాత్ సమావేశానికి వెళ్లొచ్చినవారి కేసులను కేంద్ర ఆరోగ్య శాఖ విలేకరుల సమావేశాల్లో విడిగా చెప్పేవారు. ఆ అంకె పట్టుకుని కొన్ని ఊళ్లలో కూరగాయల బండ్లవాళ్లను పేరడిగి పంపించేశారు. ఆ సమావేశానికి వచ్చిన కొందరు విదేశీయుల మీద పెట్టిన కేసులను ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి కొట్టేసింది. మరుసటి ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు లక్షల మంది వెళ్లి మునిగి వచ్చారు. రోజువారీ బులెటిన్‌లో దానికి ఒక గడి కేటాయించగా నేను చూడలేదు. రెండు గుంపుల్లోనూ ఊపిరితిత్తులు ఒకటే రకం. లెక్కపుస్తకంలో ఒకరికి వరస గీసి, మరొకరికి గీయకపోతే అది గణాంకం కాదు, తీర్పు.

ధర్మరాజు మీద నాకు భక్తి ఉంది గాని గుడ్డి భక్తి లేదు. యుద్ధం నడుస్తుండగా ఆయనే ఒక తప్పుడు మరణవార్త చెప్పాడు. ద్రోణుడికి వినబడేలా పేరు చెప్పి, ఏనుగు అన్న ముక్క గొంతు తగ్గించి చెప్పాడు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు తగిలింది. 2020 ఏప్రిల్ 30న పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేసిన ప్రకటన చదివినప్పుడు నాకు ఆ రథమే గుర్తొచ్చింది. పాజిటివ్ వచ్చి చనిపోయినవారు 105 మంది, అందులో కోవిడ్ వల్ల పోయినవారు 33 మంది, మిగతా 72 మంది తమకున్న వేరే జబ్బుల వల్ల పోయారు, కోవిడ్ ఉండటం యాదృచ్ఛికం. షుగరు ఉందనో, కిడ్నీ పాడైందనో గొంతు తగ్గించి చెప్పే ఆ ముక్క అన్ని రాష్ట్రాల్లోనూ వినబడింది. బెంగాల్ కాగితం మీద పెట్టి చెప్పింది, అంతే తేడా.

నిర్వచనం మార్చడమంతా మోసమేనని నేననను. బ్రిటన్‌లో 2020 ఆగస్టులో, పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు పోయినవారినే లెక్కించాలని నియమం మారిస్తే ఒక్క రోజులో ఐదు వేలకు పైగా మరణాలు జాబితాలోంచి తగ్గాయి. అంతకుముందు ఇంగ్లండులో ఎప్పుడో పాజిటివ్ వచ్చి తగ్గిపోయి, నెలల తర్వాత ఇంకెందువల్ల పోయినా కోవిడ్ కిందే రాసేవారు. మార్చారు, మార్చామని చెప్పారు. బెల్జియం ఇంకో చివర. వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగకుండా పోయినవాళ్లను కూడా అనుమానిత మరణాలుగా లెక్కలో కలిపింది. దాంతో ఆ వసంతంలో జనాభా ప్రకారం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది పోయిన దేశాల్లో దాని పేరు పైన నిలిచింది. మా బావ వాదన ప్రకారం అది శాపగ్రస్తమైన దేశం. నా దృష్టిలో ముసలివాళ్లను లెక్కలోంచి తోసెయ్యని దేశం.

ఇది నాకు పుస్తకాల్లో విషయం కాదు. 2021 మే నెలలో మా పెద్దమ్మ కొడుకు పోయాడు. లంక గ్రామంలో కొబ్బరితోట వ్యవసాయం. ఆర్టీపీసీఆర్ నెగటివ్ వచ్చింది. స్కానింగు సెంటర్లో తీసిన సీటీ స్కోరు 18. వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె తొంభై దిగువకు వచ్చినప్పుడు కారులో పట్నం తీసుకెళ్తే, ఒక ఆసుపత్రిలో మంచం లేదన్నారు, ఇంకో ఆసుపత్రిలో పాజిటివ్ కాగితం లేనిదే కోవిడ్ వార్డులోకి రానివ్వమన్నారు. కోవిడ్ కాదేమో అంటే, ఈ స్కోరుతో మామూలు వార్డుకు తీసుకోమన్నారు. వెనక్కి తెచ్చేశారు. తెల్లవారుజామున పోయాడు. పంచాయతీ రిజిస్టర్లో గుండెపోటు అని ఉంది. అందులో అబద్ధం లేదు, గుండె ఆగకుండా ఎవరూ పోరు. పన్నెండో రోజు కార్యానికి పట్టుమని పదిమంది లేరు. వచ్చినవాళ్లు కూడా అరుగు మీద కూర్చోకుండా పెరట్లో నిలబడ్డారు. తర్వాత కోవిడ్‌తో పోయినవారి కుటుంబాలకు ఇచ్చే యాభై వేల సాయం సంగతి తెలిసి వదిన దరఖాస్తు పెట్టింది. ఆసుపత్రి కాగితం లేదని తిప్పి పంపారు. డబ్బు గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. "మీ అన్నయ్యకి అసలు వచ్చింది కరోనా కాదంటారా మరిదిగారూ? మరి నన్నెందుకు ఎవరూ పలకరించలేదు?" అంది.

దీనికి నా దగ్గర శాస్త్రం లేదు. ఊరు ఆయన్ని కరోనా మనిషిగానే చూసి దూరం జరిగింది, రిజిస్టరు మాత్రం కాదంది. అంటరానితనం అనుభవించడానికి సరిపోయిన చావు, అంకెలో చేరడానికి సరిపోలేదు. ఇలాంటివారు ఎంతమందో ఆ సాయం లెక్కలే చెబుతాయి. సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 4 ఉత్తర్వుతో, పాజిటివ్ వచ్చిన 30 రోజుల లోపు ఆసుపత్రి బయట పోయినా కోవిడ్ మరణమే అయింది, కుటుంబానికి 50 వేలు ఇవ్వాల్సి వచ్చింది. 2022 జనవరి నాటికి గుజరాత్ ప్రకటించిన మరణాలు 10 వేల చిల్లర, వచ్చిన దరఖాస్తులు 89 వేలు దాటాయి. తెలంగాణలో ప్రకటించినవి 4 వేల లోపు, దరఖాస్తులు 28 వేల పైన. ఆంధ్రలోనూ ప్రకటించినదానికి రెండింతలు మించి వచ్చాయి. దరఖాస్తులన్నీ నిజమని నేననను. నిర్వచనం వెడల్పయింది కూడా. కానీ నిజానికి ఎంత దగ్గరో చూసుకోకుండా 4,111 పట్టుకుని నరసింహస్వామి దాకా వెళ్లిపోవడం స్వామికి కూడా నచ్చదు.

మళ్లీ స్త్రీపర్వానికే వస్తాను. గంగ ఒడ్డున అందరికీ నీళ్లు వదులుతున్నారు. అప్పుడు కుంతి నోరు తెరిచింది. కర్ణుడికి కూడా వదలండి, అతను మీ అన్న అంది. పదమూడేళ్ల అరణ్య, అజ్ఞాతవాసాలు, పద్దెనిమిది రోజుల యుద్ధం, అన్నీ అయిపోయాక వచ్చిన సవరణ అది. శత్రువుల లెక్కలో ఉన్న చావు ఇంటి చావు అయింది. ధర్మరాజు కుప్పకూలాడు, తల్లి మీద కోపగించుకున్నాడు, కానీ నీళ్లు వదిలాడు. ఆలస్యమైంది కదా, ఇక పుస్తకం మూసేశాం అని మాత్రం అనలేదు.

పెరూ అలాగే పుస్తకం మళ్లీ తెరిచింది. 2021 మే 31న, అంతవరకూ 69 వేల చిల్లరగా ఉన్న మరణాల సంఖ్యను 1,80,764గా సవరించింది. ఆ ఒక్క సవరణతో జనాభా ప్రకారం ప్రపంచంలోనే అతి ఎక్కువ కోవిడ్ మరణాలున్న దేశమైంది. ముందురోజు రాత్రికీ ఆ రోజుకీ మధ్య పెరూలో కొత్తగా ఏ విపత్తూ రాలేదు. బీహార్‌లో పాట్నా హైకోర్టు తనిఖీ చేయమన్నాక, జూన్ 9న సంఖ్య 5,458 నుంచి 9,429కి మారింది. కేరళ అప్పీళ్లు తీసుకుని, పాత మరణాలను నెలల తరబడి కలుపుతూ వచ్చింది. అక్కడి లెక్క 70 వేలు దాటింది. ముసలివాళ్లు ఎక్కువున్న రాష్ట్రం, పుట్టుక చావు రెండూ దాదాపు పూర్తిగా నమోదయ్యే రాష్ట్రం. దాన్ని ఇంకో రాష్ట్రం పక్కన పెట్టి వేళ్లతో కొలిస్తే కేరళే దోషి.

మరి పోల్చుకోవడమే పాపమా? కాదు. పోల్చకపోతే ఎక్కడ మంచాలు చాలలేదో, ఎక్కడ ఆక్సిజన్ అందలేదో ఎలా తెలుస్తుంది? అయితే పక్కవాడితో కాదు, ముందు నీ మామూలు ఏడాదితో నిన్ను పోల్చుకో. కారణం ఏదని రాశారో వదిలెయ్, ఏటా ఈ నెలలో ఎంతమంది పోతారు, ఈసారి ఎంతమంది పోయారు, తేడా ఎంత? ధర్మరాజుకు అరణ్యవాసంలో తీర్థయాత్రలప్పుడు రోమశ మహర్షి దయ వల్ల దివ్యదృష్టి వచ్చిందట, అందుకే అంత లెక్క చెప్పగలిగాడట. మనకు ఆ తీసివేతే దివ్యదృష్టి. ఆంధ్రప్రదేశ్ రిజిస్టర్లలో మామూలుగా మే నెలలో 27 వేల చుట్టుపక్కల మరణాలుంటాయి. 2021 మే నెలలో లక్షా ముప్ఫై వేల దాకా నమోదయ్యాయి. మా అన్నయ్య ఆ అంకెలో ఉన్నాడు, గుండెపోటు మనిషిగానే అయినా.

దేశం మొత్తానికి చూస్తే 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. 2021 లెక్క బయటికి రావడానికి 2025 మే దాకా పట్టింది. నమోదు మెరుగుపడటం వల్ల పెరిగింది కొంత ఉంటుంది, ఆ 21 లక్షలూ కరోనావే అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో ఆ రెండేళ్లకు భారత్‌లో అదనపు మరణాలు 47 లక్షలని అంచనా కట్టింది. ప్రభుత్వం అధికారికంగా చెప్పినది దాదాపు 4.8 లక్షలు. అంచనా పద్ధతి తప్పని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పద్ధతి మీద వాదించే హక్కు ఎవరికైనా ఉంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాకు అప్పటి శానిటరీ కమిషనర్ చెప్పింది 60 లక్షలు, తర్వాతి పరిశోధకులు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా కట్టారు. ఆ దశాబ్దంలోనే దేశ జనాభా తగ్గిందని 1921 జనగణన చూపించింది. వందేళ్లయినా వాదన తెగలేదు. కానీ వాదించడానికి రిజిస్టర్లు బయట పెట్టాలి. నాలుగేళ్లు బీరువాలో పెట్టి, అంకె తప్పని అనడం మా శాఖలో నేర్పిన పద్ధతి కాదు.

మహాలయ అమావాస్యకు మా ఇంట్లో తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల వరస అయ్యాక, బంధువులూ గురువులూ అయ్యాక, చివర తడిగుడ్డ పిండిన నీళ్లు వదిలిస్తారు పురోహితులు. వంశంలో పిల్లలు లేకుండా, నీళ్లు వదిలేవారు లేకుండా పోయినవారికి అవి. పేరు తెలియనక్కర్లేదు. లెక్కలోకి రానివారికి కూడా ఒక వాటా ఉండాలని మన పెద్దలకు తెలుసు. ధర్మరాజు కూడా అంకె చెప్పి ఊరుకోలేదు. దిక్కులేని శవాలన్నింటికీ పద్ధతి ప్రకారం దహనం జరిపించమని విదురుడికి, సంజయుడికి, ధౌమ్యుడికి పురమాయించాడు. ఇటువంటి ధర్మం చేతిలో ఉండి, చావుల పట్టికను పరువు పోటీగా మార్చుకున్నామంటే తప్పు కర్మ సిద్ధాంతానిది కాదు, మనది.

మొన్న పండక్కి మా బావ వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పాను. సాంతం విని, "అయితే ఎవరు గెలిచినట్టు?" అన్నాడు. అతనికి జవాబేమీ చెప్పలేదు గాని, చదివే మీకు ఒక పని చెబుతాను. ఆ రెండేళ్లలో మీ ఇంట్లో గాని, మీ దగ్గర పనిచేసేవాళ్ల ఇంట్లో గాని ఎవరైనా పోయి ఉంటే, వాళ్ల పేరు పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో రిజిస్టర్లో ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. మరణం నమోదుకు గడువు 21 రోజులే గాని, ఏడాది దాటినా మెజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేయించవచ్చు. ఇకముందు ఎవరైనా ఆసుపత్రిలో పోతే, మరణానికి కారణం రాసిన ధ్రువపత్రం నకలు అడిగి తీసుకోండి. అది ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత.